పులికి మంటలు, దోమకు నవ్వులు

ఈ రోజు అరకు సంతలో నా కసి తీరింది. పులి భయంతో రాత్రంతా తన గుడారం చుట్టూ కొండవాళ్ళచేత మంటలు వేయించే రోడ్డు ఓవర్సీరు, పోయిన నెల సంతలోని నా కొట్లో మంచానికి కట్టిన దోమతెర చూసి, "నువ్వేమన్నా దొరసానివా?" అని అందరి ముందూ నవ్వాడు.

ఇక్కడ పులి ఏ మూడేళ్ళకో ఒకరిని పట్టుకుపోతుంది. దోమ తెచ్చే చలిజ్వరం ప్రతి వానాకాలమూ ప్రతి ఊళ్ళోనూ పాడె కట్టిస్తుంది. మా ఆయన్ని తీసుకుపోయిందీ అదే.

ఇవాళ ఓవర్సీరు చలిజ్వరంతో వణుకుతూ నా కొట్టు ముందు డోలీ దిగాడు.

"ఆ తెర బేగి ఇచ్చెయ్యమ్మా, సచ్చిపోతన్నాను!"

"పులొచ్చిందేటి బాబూ? దొరసాని గారూ అని అడగండి, ఇత్తాను."

నిండు సంతలో అలాగే అడిగాడు. ఇచ్చాను. కాళ్ళవైపు జానెడు చిరుగుందని మాత్రం చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?