రాగి గొట్టం మీద దెబ్బలు

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచిపోయే రకం. ముప్ఫై రెండేళ్లు రైల్వే షెడ్డులో డీజిల్ ఇంజిన్ల కింద పడుకుని పని చేసినాను. చప్పుడు వినపడితే దానికో కారణం ఉంటాది, వెతికితే దొరుకుతాది. అంతకు మించి నేను నమ్మింది లేదు. మొన్న జనవరిలో ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో జరిగినదానికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు.

సింహాచలం నా జత ఫిట్టరు. కిందటి వానాకాలంలో పోయినాడు. వాడి భార్య నూకరత్నం రైల్వే బడిలో టీచరు, క్వార్టరు ఆమె పేరు మీదే ఉంది. ఆమెకి ఉబ్బసం. బొగ్గుల కుంపటి పొగ పడదు, కరెంటు హీటరు పెడితే ఆ పాత వైరింగుకి ఫ్యూజు కొట్టేస్తాది. అందుకని సింహాచలం లారీ కేబిన్లలో పెట్టుకునే చిన్న డీజిల్ హీటరు ఒకటి తెచ్చి బిగించినాడు. ట్యాంకు పెరట్లో, హీటరు ముందు గదిలో, పొగ కిటికీలోంచి బయటికి. షెడ్డు అలవాటు పోక, ట్యాంకు నుంచి హీటరు దాకా గోడలోంచి రాగి గొట్టం వేసినాడు.

నూకరత్నం ఫోన్ చేసింది. "అన్నయ్యా, హీటరు అంటుకోటం లేదు. రెండు రాత్రులై చలికి ఊపిరాడక కూర్చునే నిద్రపోతన్నాను. మిమ్మల్ని తప్ప ఎవర్ని అడగను?"

తాళం ఎదురింటి బెంగాలీ దీదీకి ఇచ్చి ఆమె బడికి వెళ్లిపోయింది. నేనుండే సుభాష్‌పల్లి నుంచి సైకిలు మీద పది నిమిషాలు. నాకు గంట పట్టింది. ఆ ఇంటికి వెళ్లాలంటే నాకు సిగ్గు.

ఎందుకో చెప్తాను. ఇంజిన్ గొట్టాల్లోకి గాలి చేరితే తీయడానికి ఇద్దరు కావాల. ఒకడు పంపు కొడతాడు, ఇంకొకడు అవతలి చివర నట్టు వదులు చేసి చూస్తాడు. షెడ్డు హోరులో మాట వినపడదు, అందుకని గొట్టం మీద పానాతో కొట్టడం. ఒక దెబ్బ అంటే ఇంకా బుడగలొస్తన్నాయి, కొట్టు. రెండు దెబ్బలంటే నిండుగా ఆయిలొచ్చింది, ఆపు.

ఒక రోజు నాకు ఇంటికెళ్లే తొందర. బుడగలు ఇంకా వస్తన్నాయి. అయినా రెండు కొట్టేసి నట్టు బిగించినాను. నా దెబ్బలు నమ్మి సింహాచలం పని అయిందని కార్డు మీద సంతకం పెట్టినాడు. ఆ ఇంజిన్ దారిలో ఆగిపోయింది. మెమో వాడికొచ్చింది, ప్రమోషన్ ఆగింది. వాడు నా పేరు చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. తర్వాత వాడి మొహం చూడలేక షిఫ్టు మార్చుకున్నాను. వాడు పోయినప్పుడు గుంపులో వెనకాల నిలబడి వచ్చేసినాను. నా భార్య పోయి ఆరేళ్లు. ఈ సంగతి చెప్పుకోడానికి నాకు మనిషి లేడు.

పన్నెండు గంటలకి పని మొదలెట్టినాను. ట్యాంకులో డీజిల్ ఉంది. హీటరుకి డీజిల్ తోసే చిన్న పంపు టిక్కుటిక్కు మంటాంది. హీటరు తెల్ల పొగ కక్కి ఆరిపోతాంది. ఫిల్టరు విప్పితే నిండా మడ్డి. ట్యాంకు దగ్గర రబ్బరు ముక్క పగిలి గాలి పీలుస్తాంది. రెండూ మార్చినాను. ఇంక గాలి తీయడమే మిగిలింది.

అక్కడే చిక్కు. పెరట్లో గొట్టానికున్న రబ్బరు బల్బు పంపులా నొక్కాల, ముందు గదిలో నట్టు దగ్గర చూడాల. నట్టు వదులు చేసి కింద డబ్బా పెట్టినాను. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగేసరికి మోకాళ్లు పట్టేసినాయి. పెరట్లో చతికిలబడి, "ఒక్క మనిషుంటే ఏటి పోయేది" అని పైకే అనేసినాను. ఏడుపొచ్చింది, దాచడం దేనికి.

ఊరికే బల్బు నొక్కినాను. గొట్టం మీద ఒక దెబ్బ.

రాగి ఎండ వేడికి సాగి ఉంటాదనుకున్నాను. మళ్లీ నొక్కినాను. మళ్లీ ఒకటి. నా చెయ్యి ముప్ఫై ఏళ్ల అలవాటులో పడిపోయింది. నొక్కడం, ఒక దెబ్బ వినడం. పదకొండు లెక్కపెట్టినాను. పన్నెండోసారి రెండు.

ఆపేసినాను. కాసేపటికి లేచి లోపలికెళ్లినాను. గదిలో ఎవరూ లేరు. ముందు తలుపుకి నేను వేసిన గడియ అలాగే ఉంది. నట్టు బిగించి ఉంది. నా పానా నేల మీద నేను పెట్టిన చోటే ఉంది. గాలికి గొట్టం కొట్టుకుంటాది, ఒప్పుకుంటాను. గాలి నట్టు బిగించడం నేను చూడలేదు.

బయట ఎండలో కూర్చున్న దీదీని అడిగినాను. "కేవు ఆషేనీ, దాదా," అంది. ఎవరూ రాలేదని.

స్విచ్చి వేసినాను. హీటరు ఒక్కసారికే అంటుకుంది.

నాలుగింటికి నూకరత్నం వచ్చింది. వెచ్చటి గదిలో ఊపిరి నిండా తీసుకుంది. దెబ్బల సంగతి చెప్పలేదు, పాత సంగతి చెప్పినాను. తల దించుకుని, మొత్తం చెప్పినాను.

ఆమె భుజాన ఉన్న సంచి దించి కుర్చీలో కూర్చుంది. తర్వాత అంది: "ఆయనకి తెలుసన్నయ్యా. మెమో వచ్చిన రోజే నాకు చెప్పినారు. మీరొచ్చి మీ నోటితో చెప్తారని చూసినారు. ఆదివారమైతే చాయ్ ఒక కప్పు ఎక్కువ పెట్టమనేవారు."

ఆ మాట నా గుండెలో ఉండిపోయింది. ఎన్ని ఆదివారాలు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి వెళ్లి ఫిల్టరు కడుగుతాను. ఆమె బడికెళ్లాక, ఒక్కణ్ణే. బల్బు నొక్కి గొట్టం మీద చెయ్యి వేసి కూర్చుంటాను. మళ్లీ ఒక్క దెబ్బ కూడా వినపడలేదు. ఆ రోజు కొట్టిందెవరో, నట్టు బిగించిందెవరో నాకు ఈ రోజుకీ తెలీదు. కాసేపు చూసి, లేచి, కుంటుకుంటూ ముందు గదిలోకి నేనే నడుస్తాను. ఒక్క బుడగ కూడా లేదని కళ్లతో చూసేదాకా నట్టు బిగించను.