సోదా బాబాయ్ దవడ పన్ను

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, పని దిగి వెళ్ళేవాళ్ళ సంచులు వెతకడం ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ సోదా బాబాయ్ అయిపోయాడు. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. చెయ్యి కలిపితే తన వేళ్ళన్నీ తిరిగొచ్చాయో లేదో చూసుకునే రకం. అన్నం డబ్బా బరువుగా ఉంటే మూత తీయించేవాడు, తేలిగ్గా ఉంటే ఇంకా అనుమానం. మేనేజరు సంచీని కూడా వదిలేవాడు కాదు.

అలాంటి మనిషికి కుడి దవడలో పన్ను సలపడం మొదలైంది. చల్లటి నీళ్ళు తాగితే నషాళానికి అంటేది. ముందు నీళ్ళ మీద అనుమానపడ్డాడు. తర్వాత కొత్త బ్రష్షు మీద. ఆఖరికి భార్యనే నిలదీశాడు.

"పేస్టు ఎందుకు మార్చావ్? పాతది ఉన్నన్నాళ్ళూ నాకీ బాధ ఉందా?"

"పేస్టుకీ మీకూ నేనేం తగువు పెట్టలేదు. పదండి డాక్టరు దగ్గరికి" అని ఆవిడ లాక్కెళ్ళింది.

మందుల షాపు పైన చిన్న గది. వాలు కుర్చీలో ఆయన వాలకుండా బిర్రబిగిసి కూర్చున్నాడు. పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించింది.

"పుచ్చు నరం దాకా వెళ్ళింది. లోపల శుభ్రం చేసి, నింపి, పైన తొడుగు వెయ్యాలి."

"ఈ ఫోటో నాదేనని నమ్మకమేంటి?"

"ఇప్పుడే కదా ఆ ఫిల్ము మీరే కొరికి పట్టుకున్నారు" అని నవ్విందావిడ. "రోజూ తీపి ఏమైనా తింటారా?"

ఈ ప్రశ్నలో ఏదో మెలిక ఉందనిపించింది ఆయనకి. "తీపి నా ఒంటికి పడదు" అనేశాడు.

"ఆ చొక్కా జేబు చూపించండి" అంది భార్య.

ఆయన చటుక్కున జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ ఆ చెయ్యి తప్పించి, గుప్పెడు పిప్పరమెంటు బిళ్ళలు తీసి డాక్టరమ్మ ట్రేలో పోసింది. ఊరందరి జేబులూ తడిమిన మనిషి మొహం మాడిపోయింది.

"ఇవి తీపి కాదు, మందు. మధ్యాహ్నం కునుకు రాకుండా" అని గొణిగాడు.

"నోట్లో క్రిములుంటాయి బాబాయ్ గారూ. తీపి తగిలితే అవి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపే పంటి పైపొరని కరిగిస్తుంది. కాస్త తెరిపి ఇస్తే ఉమ్మి దాన్ని బాగుచేస్తుంది. మీరు ఒకటి కరగ్గానే ఇంకోటి బుగ్గన పెడితే దానికి తీరికేదీ? భోజనంతో పాటు తిన్న తీపి కన్నా ఇది చేటు." ఆవిడ ముందు పళ్ళకేసి చూపించింది. "ఇక్కడ చిగుళ్ళ పక్కన తెల్లమచ్చలున్నాయి. వీటిని తొలవక్కర్లేదు. బిళ్ళలు మానేసి, పొద్దునా, పడుకోబోయే ముందూ ఫ్లోరైడ్ పేస్టుతో తోమండి. నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలెయ్యండి. ముదరకుండా ఆగుతాయి."

మెట్లు దిగుతూ ఆయన గొంతు తగ్గించాడు. "మతలబు అర్థమైందా? ఒకటి తొలుస్తుందట, మిగతావి వదిలేస్తుందట. అవి పెద్దవైతే మళ్ళీ మనమే రావాలి కదా!"

"మీకర్థమైంది, చాలు" అంది భార్య.

ఆయన మళ్ళీ అటు వెళ్ళలేదు. కొన్నాళ్ళకి నొప్పి దానంతటదే పోయింది. ఇంకేముంది, కాలరెగరేశాడు. "చూశావా! నీ మాట విని ఉంటే బంగారంలాంటి పన్ను పాడయ్యేది" అని, భార్యకి చూపించడానికే వేరుశెనగలు పటపటా నమిలాడు.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి బుగ్గ బంతిలా ఉబ్బింది. ఒళ్ళు కాలిపోతోంది. అయినా డ్యూటీకి వెళ్ళాడు. గేటు దగ్గర కుట్టుపని చేసే ఒకావిడ ఆగి, "బాబాయ్, ఆ బుగ్గలో ఏం దాచావ్? తీసి చూపించు" అంది. అంతా గొల్లుమన్నారు. జవాబు చెబుదామంటే నోరు తెరుచుకోలేదు.

"నొప్పి పోవడం కాదు, లోపల నరం చచ్చిపోయింది. చీము వేరు కిందికి దిగింది" అంది డాక్టరమ్మ, ఆ సాయంత్రం భార్య మళ్ళీ లాక్కెళ్తే.

"ఏం చేసినా నాకు చూపించి చెయ్యండి" అన్నాడాయన, పళ్ళ సందునుంచి.

ఆవిడ విసుక్కోలేదు. చేతికి ఓ అద్దం ఇచ్చింది. మొద్దుబారడానికి సూది వేసి, పంటికి దారి చేసి, చీము తీసేసింది. తర్వాత కొన్నిసార్లు పిలిచి లోపల శుభ్రం చేసి, నింపి, తొడుగేసింది. అన్నిసార్లూ ఆయన కళ్ళప్పగించి చూస్తూనే ఉన్నాడు. మోసం ఎక్కడా దొరకలేదు. అదో కొత్త బాధ.

బిళ్ళలు మానేశాడు. కునుకొస్తే మొహం కడుక్కునేవాడు. అయితే కన్ను మాత్రం అందరి నోళ్ళ మీదికీ మళ్ళింది. అలా ఓ సాయంత్రం భార్య మీద పడింది. ఆవిడ ఎప్పుడూ ఎడమవైపే నములుతోంది. చల్లటి నీళ్ళు ముట్టుకోవడం లేదు.

"ఏమైంది నీకు?"

"ఏం లేదు."

"ఏం లేదన్నవాళ్ళ సంచిలోనే ఉంటుంది. చెప్పు."

ఆవిడ కంచం పక్కకి జరిపి చెప్పింది. చిన్నప్పుడు ఎవరో మత్తివ్వకుండానే పట్టకారుతో తన పన్ను పీకాడట. కదలకుండా అమ్మే తన కాళ్ళు గట్టిగా పట్టుకుందట. "మిమ్మల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ నేనా కుర్చీకేసి చూడలేదు, తెలుసా?"

"నువ్వు కళ్ళు మూసుకో, నీ బదులు నేను చూస్తా" అన్నాడాయన.

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆయన పక్కనే నిలబడి, డాక్టరమ్మ చేతుల మీంచి చూపు తిప్పకుండా, "సూది పక్కన పెట్టేసింది... ఇప్పుడు నీళ్ళు కొడుతోంది... మెషీను ఆపేసింది, ఇక తియ్యదు" అని మెల్లగా చెబుతూ వచ్చాడు. మధ్యలో ఎక్కడో ఆవిడ పిడికిలి సడలింది. పుచ్చు ఇంకా నరం దాకా వెళ్ళలేదు. ఆ పూటే నింపేసి పంపించారు.

కొన్నాళ్ళు ఆవిడ కుడివైపు నమలడానికి జంకింది. ఓ రోజు మాటల్లో పడి మర్చిపోయి, అటే నమిలేసింది. ఆయన చూశాడు, చూడనట్టే తన కంచంలోకి వంగాడు.