ఫోల్డింగ్ టేబుల్ మీద ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ పదిహేను నిమిషాలు ఉంటుందని కాలేజీవాళ్ళు మెయిల్‌లో రాశారు. ఆ పదిహేను నిమిషాల కోసం మేము ఇరవై రోజులు తయారయ్యాం. మేము అంటే నేను, బాపు, అమ్మ, అమ్మ తమ్ముడైన మా మామ, గోడ అవతల గదిలో ఉండే ఒడియా ఆంటీ. ఆవిడను ఎవరూ పిలవలేదు.

అది బట్టల డిజైన్ నేర్పే కాలేజీ. సూరత్ నుంచి రైల్లో ఐదు గంటల దూరం. రాతపరీక్ష ఎట్లాగో గట్టెక్కాను, ఇంటర్వ్యూ మిగిలింది. ఫీజు లేకుండా చదివించే సీట్లు కొన్నే ఉన్నాయి. అందులో ఒకటి వస్తే చదువు, రాకపోతే లేదు. రాకపోతే నా గతేమిటో కూడా ముందే ఖరారైపోయింది. మామ చీరల మార్కెట్‌లో ఒక దుకాణంలో ఆర్డర్లు రాస్తాడు. అక్కడి సేఠ్‌తో మాట్లాడి, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పనికి నన్ను కుదిర్చి పెట్టాడు. "ఏసీ ఉంటది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. నాకున్న ఫికరంతా ఆ ఏసీ గది గురించే.

మా బాపు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేశాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. సగం వినబడని మనిషి సాంచాల మధ్య తిరగడం మంచిది కాదని కార్ఖానా సేఠ్ ఆయనను ఫోల్డింగ్ టేబుల్ మీదికి మార్చాడు. ఆ టేబుల్‌కు పైన అద్దం, అద్దం కింద ట్యూబ్‌లైటు. నేసిన బట్టను అద్దం మీదుగా లాగుతూ పోతే తెగిన పోగులు, నూనె మరకలు అన్నీ కనబడతాయి. కనబడ్డ చోట చాక్‌తో గీత పెట్టాలి. బాగున్న బట్టకు గీత ఉండదు. అది మడత పడి లారీ ఎక్కుతుంది. పొద్దంతా తప్పులు వెతికే పని అన్నమాట, అందులో మా బాపును మించినవాడు మేముండే డిండోలి పేట మొత్తంలో లేడని అందరూ అంటారు. సేఠ్ మాత్రం గుజరాతీలో "చాల్సే" అంటాడు. నడుస్తుంది అని అర్థం. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఎవరూ వినలేదు.

ఈ పని కార్ఖానాలో వదిలేసి ఇంటికొస్తే ఏ బాధా ఉండేది కాదు. బాపు చాక్ ముక్క జేబులో వేసుకునే వస్తాడు. నా స్కూలు డ్రెస్సు కొనేటప్పుడు దుకాణంలో లైటుకు ఎత్తి పట్టి చూసేవాడు. దుకాణదారు మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఒకసారి గల్లీలో పుట్టిన పసిపాపను చూడడానికి వెళ్ళాం. అందరూ ముద్దుగా ఉందన్నారు. బాపు పాపను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి, "ఎడమ చెవి జర కిందికున్నది," అన్నాడు. అమ్మ నెత్తి కొట్టుకుని, ఆ తర్వాత పసిపిల్లలున్న ఇంటికి ఆయనను తీసుకెళ్ళడం మానేసింది. ఎడమ చెవి నిజంగానే కిందికుంది. నేను కూడా చూశాను. కాకపోతే నాకు నోరు మూసుకోవడం తెలుసు, లేదా తెలుసని అనుకునేదాన్ని.

ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి వేషం బాపుదే. ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. నేను బయటికి వెళ్ళి, తలుపు కొట్టి, లోపలికి రావాలి. ప్రశ్నలన్నీ హిందీలో. ఒక్కో తప్పుకు తలుపు లోపలి వైపు ఒక చాక్ గీత.

"మీ నాన్న ఏం చేస్తాడు?" తన గురించి తనే అడుగుతూ, నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"బట్ట చెక్ చేస్తారు సార్."

"గుడ్ మార్నింగ్ ఏది? ఒకటి." గీత పడింది.

"నువ్వింక నన్ను కూసోమననే లేదు కద బాపు."

"ఎదురు మాట్లాడుడు. రెండు."

చెవులు పోయినవాళ్ళు మెల్లగా మాట్లాడరు. వాళ్ళతో ఉండేవాళ్ళు కూడా మాట్లాడరు. అందుకని మా ఇంటర్వ్యూలు గల్లీ చివరిదాకా వినబడేవి. ఒకరోజు బాపు, ఈ చదువే ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగాడు. నేను ఆలోచిస్తున్నాను. ఇంతలో గోడ అవతల నుంచి ఒడియా ఆంటీ హిందీలో అరిచింది, "చిన్నప్పటి నుంచి ఇష్టమని చెప్పవే తల్లీ!" బాపు లేచి వెళ్ళి గోడ మీద కూడా ఒక గీత పెట్టాడు. ఆమెను అడగకుండానే జవాబు చెప్పిందని.

మామది వేరే పద్ధతి. దేశం నలుమూలల నుంచి వచ్చే వ్యాపారులతో మాట్లాడతాడు కాబట్టి ఇంటర్వ్యూ అంటే ఏమిటో తనకు తెలుసంటాడు. "నవ్వాలె బిడ్డా. అడిగినా నవ్వాలె, అడగకున్నా నవ్వాలె. గిరాకీ మొఖమే చూస్తది," అనేవాడు. ఎక్కడి నుంచో ఇంగ్లీషులో ఒక పేరా దింపుకొచ్చి ఇచ్చాడు. అందులో సంస్కృతి, సంప్రదాయం, వారసత్వం అన్నీ ఉన్నాయి. నేతపని గురించి ఒక్క ముక్క లేదు. అయినా బట్టీ పట్టాను. గిన్నెలు తోముతూ, నవ్వుతూ ఆ పేరా చెప్పుకుంటుంటే అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇరవై రోజులు గడిచేసరికి తలుపు మీద ఖాళీ లేదు. ఒక్క జవాబన్నా బాగుందా అని నేను అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు. గీత పడలేదంటే బాగున్నట్టే కదా అంటాడు.

సూరత్ పక్కనున్న ఉధ్నా స్టేషన్‌లో రైలెక్కి నేనూ బాపూ వెళ్ళాం. ఆయన సెలవు పెట్టాడు, ఇస్త్రీ చొక్కా వేశాడు, జేబులో చాక్ లేకుండా అమ్మ చూసుకుంది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనను ఆపేశాడు. పిల్లలు మాత్రమే లోపలికట. బాపు గేటు బయట చెట్టు నీడలో నిలబడి, "ఆగం గాకు. అడిగిందానికి చెప్పు. లేని తప్పు చెప్పకు, ఉన్న తప్పు దాయకు," అన్నాడు. ఆయన దగ్గరున్న ఆశీర్వాదం అదే.

లోపల ముగ్గురున్నారు. ఒక పెద్దాయన, ల్యాప్‌టాప్ ముందు ఒక కుర్రసారు, నెరిసిన జుట్టుతో నూలు చీర కట్టుకున్న ఒక మేడమ్. గుడ్ మార్నింగ్ చెప్పాను. నవ్వాను. కూర్చోమన్నాక మళ్ళీ గుడ్ మార్నింగ్ చెప్పాను. నాన్న ఏం చేస్తారంటే బట్ట చెక్ చేస్తారని చెప్పాను. కుర్రసారు నన్ను కొంచెం నెమ్మదిగా మాట్లాడమన్నాడు. మామ ఇచ్చిన పేరా సగం దాకా వెళ్ళేసరికి పెద్దాయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. అయినా మొహం మీద నవ్వు అట్లాగే ఉంచాను, దాన్ని ఎప్పుడు తియ్యాలో మామ చెప్పలేదు.

అప్పుడు మేడమ్ సంచిలోంచి ఒక బట్ట తీసి నా ముందు పెట్టింది. తెల్లటి నూలు బట్ట, ఎర్రటి అంచు, చేత్తో నేసింది. "దీని గురించి చెప్పు," అంది హిందీలో.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై రోజుల్లో మొదటిసారి తెలిసిన ప్రశ్న తగిలింది. తర్వాత తెలిసింది, మిగతా పిల్లలు దాన్ని చెంపకు ఆనించుకున్నారట, కళ్ళు మూసుకున్నారట, ఒకమ్మాయి వెన్నెల అందట. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు ఎత్తి పట్టాను. తిరగేశాను. మొదట వెనక వైపే చూడాలి, తప్పులు అక్కడే దాక్కుంటాయి.

"ఇక్కడ పడుగు పోగు తెగింది మేడమ్, జానెడు దూరం అట్లాగే నేసేశారు. ఇక్కడ పేక రెండుసార్లు పడింది. ఇదిగో, అంచు లోపలికి గుంజుకుంది. నేసినవాళ్ళ చెయ్యి ఇంకా కుదరలేదు." అలవాటు కొద్దీ చెయ్యి చాచి, "సార్, చాక్ ఉందా?" అన్నాను.

కుర్రసారు బోర్డు దగ్గరున్న చాక్ తేవడానికి లేచాడు కూడా. మేడమ్ చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు.

"ఇట్లాంటి బట్టను మీరు ఏం చేస్తారు?" అంది మేడమ్.

"సెకండ్స్‌లో వేస్తాం, తక్కువ ధరకు అమ్మేస్తారు."

"ఇది నేను నేసింది. ఈ కాలేజీలో చదువుకున్నప్పుడు నా మొదటి బట్ట."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందని అప్పుడే గమనించాను. నాలుగో తప్పు కూడా ఉంది. కండె మార్చిన చోట నూలు రంగు తేడా వచ్చింది. అది నాలుక చివరి దాకా వచ్చి ఉంది. ఆమె మొహం చూసి మింగేశాను. సీటు పోయింది, కనీసం ఆమెను ఇంకా ఏడిపించడం దేనికి అనుకున్నాను.

ఆమె ఏడవలేదు. బట్టను తీసుకుని, బాగున్న వైపు పైకి వచ్చేట్టు తిప్పి, మళ్ళీ నా ముందు పరిచింది. "సరే. ఇప్పుడు ఇందులో మంచి ఏముందో చెప్పు."

చూశాను. చాలాసేపు చూశాను. ఎక్కడ చూసినా చూపు ఆ నాలుగు చోట్లకే పోతోంది. మిగతాదంతా తప్పు లేని బట్ట, అంతే. మామ పేరాలో ఏమన్నా పనికొచ్చే మాట ఉందేమోనని వెతికాను, లేదు. సిగ్గేసింది. పుట్టినప్పటి నుంచీ బట్టల మధ్యే పెరిగి, ఒక్క బట్ట గురించి ఒక్క మంచి మాట చెప్పలేకపోతున్నాను. సిగ్గు తర్వాత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"రాదు మేడమ్," అన్నాను. "మా ఇంట్లో తప్పు పట్టడమే వచ్చు. మంచి బట్ట మడత పెట్టి పంపించేస్తాం, దాన్ని ఎవ్వరం చూడం. చూడ్డం వస్తే ఇంత దూరం ఎందుకొస్తాను?"

చివరి మాట మా ఇంటి గొంతుతో వచ్చింది. వరండాలో కూర్చున్న పిల్లలంతా విన్నారని తర్వాత చెప్పారు. పెద్దాయన కిటికీ వైపు నుంచి తిరిగాడు. ఇక వెళ్ళొచ్చన్నారు.

గేటు బయట బాపు ఉన్నచోటే ఉన్నాడు. బట్ట సంగతి చెప్పాను, ఆ చివరి ప్రశ్న సంగతి దాచాను. జవాబు రాలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ఎన్ని తప్పులు చెప్పినవ్?"

"మూడు."

"ఎన్నున్నయి?"

"నాలుగు. ఆమె మొఖం చూసి ఒకటి ఇడిసిపెట్టిన."

"ఇడిసిపెట్టుడేంది?" నడిరోడ్డు మీద బాపు గొంతు లేచింది. ఆటోవాడు ఒకడు బండి ఆపి చూశాడు. "ఆమె నేసిందని ఇడిసిపెడ్తవా? రేపు సేఠ్ కొడుకు నేసిండని నేను ఇడిసిపెట్టాల్నా?" ఆమె తన మొదటి బట్టను సెకండ్స్‌లో వేయమన్న పిల్లకు సీటు ఇవ్వదేమోనన్న ఆలోచన ఆయనకు రానేలేదు. సూరత్ చేరేదాకా ఆ నాలుగో తప్పు గురించే మాట్లాడాడు. నేను మనసులో ఏసీ గదికి వెళ్ళడానికి బట్టలు సర్దుకుంటున్నాను.

పది రోజులకు జాబితా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, అందరం ఇంట్లోనే ఉన్నాం. ఫీజు లేని సీట్లలో చివరి నుంచి రెండో పేరు నాది. అమ్మ ఏడ్చింది. మామ, "నేను చెప్పలే? నవ్వు!" అన్నాడు, బిల్లుల పనికి ఇంకెవరినన్నా చూడమని సేఠ్‌కు ఫోన్ చేశాడు. ఒడియా ఆంటీ చక్కెర గిన్నెతో వచ్చి అందరి నోట్లో పోసింది. బాపు ఒక్కడే ఫోన్ చేతిలో పట్టుకుని జాబితాను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూస్తూ కూర్చున్నాడు.

"తప్పులు పట్టినందుకే సీటిస్తే నేను ఆ కాలేజీకి పెద్దసారు కావాలె," అన్నాడు చివరికి. "ఇంకేం అడిగిండ్రు? సక్కగ చెప్పు."

చెప్పాను. మంచి ఏముందో చెప్పమన్నారని, నాకు రాలేదని, రాదనే చెప్పి వచ్చానని. గీత పడుతుందని అనుకున్నాను. జేబులోకి చెయ్యి పోలేదు. మామ ఏదో అనబోతే అమ్మ ఆపింది.

"ముప్పై ఏండ్ల సంది బట్టల్లనే ఉన్న," అన్నాడు. గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా ఉంది. "గీ సవాలు నన్ను ఒక్కడన్న అడగలే బిడ్డా. అడిగినా నాకు గూడ ఎర్కలేదు."

నాకు దుఃఖం ఆగలేదు. సేఠ్ మీద, ఆ టేబుల్ మీద, తలుపు నిండా గీతలు పెట్టించుకుని ఇన్నాళ్ళూ మనసులో ఆయనను తిట్టుకున్న నా మీద కోపం వచ్చింది. బాపు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నేర్సుకున్నంక నాకు గూడ జర చెప్పు," అన్నాడు.