ఆ నాలుగు పెన్నులూ నేను కొన్నవే

నిన్న పొద్దున్న కుక్కర్ స్టవ్ మీద పెట్టి ఫోన్ తీశాను. ఆఫీసు గ్రూప్‌లో మెసేజ్.

జగన్నాథం బాబాయ్ ఇక లేరు.

దిగపహండిలో, ఇంట్లోనే. టీ తాగి గ్లాసు కింద పెట్టి, అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. హార్ట్ ఎటాక్.

మూడుసార్లు చదివాను. ఏడుపు రాలేదు. మొదట నాకొచ్చిన ఆలోచన ఏమిటో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తిట్టేవాళ్ళు తిట్టండి.

‘ఇక ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.’

ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆయన కోసం ఎంత ఏడ్చానో, నా మీద అసహ్యంతో ఎంత ఏడ్చానో చెప్పలేను.

బాబాయ్ మా చుట్టం కాదు. బరంపురంలో మా ఆఫీసులో ఫైనాన్స్ సీనియర్. అందరికీ బాబాయే. రోజూ దిగపహండి నుంచి బస్సులో వచ్చేవారు. అయినా ఊళ్ళోనే ఉన్న లంజిపల్లి నుంచి స్కూటీ మీద ఊడిపడే నాకంటే ముందే సీట్లో ఉండేవారు.

నాకు పని నేర్పింది ఆయనే.

మా పేమెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరెవరికి లాగిన్ ఉందో ప్రతి నెలా ఒక లిస్ట్ తీయాలి. ఎంట్రీ వేసేవాళ్ళు ఎవరు, అప్రూవ్ చేసేవాళ్ళు ఎవరు అని చూసి సంతకం పెట్టాలి. లిస్ట్ పంపడం నా పని. చూసి సంతకం పెట్టడం బాబాయ్ పని.

ఆయన చూడటం అంటే మామూలు చూడటం కాదు. ప్రతి లైను కింద స్కేలు పెట్టి, పేరు పైకి చదివి మరీ చూసేవారు.

ఒకసారి స్కేలు ఆగిపోయింది. “ఏటి పాపా ఇది? ఈ కుర్రోడు ఉద్యోగం మానీసి రెండు నెల్లయింది. లాగిన్ ఇంకా బతికే ఉంది, సూడు!”

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఆ లాగిన్ తీయించేదాకా టిఫిన్ బాక్స్ తెరవలేదు.

అలాంటి మనిషి చేత నేను ఏం చేయించానో చెప్తాను.

రెండేళ్ళ క్రితం ఒక పెద్ద క్లయింట్ సెక్యూరిటీ ఆడిట్ కావాలంది. ప్రిపరేషన్ అంతా నాకు అప్పగించారు. ఫైళ్ళు తెరిచి చూస్తే ఆరు నెలల లాగిన్ షీట్లు లేవు. ఎందుకు లేవంటే, నేను బాబాయ్‌కి లిస్ట్ పంపితే కదా! ఆయన రెండుసార్లు అడిగారు కూడా. రేపు రేపు అన్నాను.

ఆడిటర్లు వచ్చే ముందు రోజు ఆరు షీట్లూ ప్రింట్ తీసి, పాత తేదీలు వేసి, ఆయన ముందు పెట్టాను. సంతకాలన్నీ ఒకే ఇంకుతో ఉంటే దొరికిపోతామని నాలుగు రకాల పెన్నులు కూడా కొనుక్కొచ్చాను. తెలివి చూశారా నాది.

బాబాయ్ పెన్నుల వైపు చూశారు.

“ఇది తప్పు కదా పాపా.”

“మీరు పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది బాబాయ్.”

అంతే. ఆ రోజు ఒక్క షీటు మీద కూడా స్కేలు పెట్టలేదు. పెన్ను మార్చి మార్చి ఆరు సంతకాలు పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

నెలాఖరు తేదీలు వరసగా వేసుకుంటూ పోయాను కదా, అందులో ఒకటి తుఫాను రోజు. ఊరంతా కరెంటు లేదు, ఆఫీసు తెరవనే లేదు. నాకు గుర్తే లేదు.

భువనేశ్వర్ నుంచి వచ్చిన ఆడిటర్ అమ్మాయికి గుర్తుంది. “ఆజ్ఞా, సేదిన తో ఆఫీస్ బంద్ థిలా” అంది ఒడియాలో, మర్యాదగానే. ఆ రోజు ఆఫీసు మూసి ఉంది కదా అని.

బాబాయ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అవును, అన్నీ ఒకే రోజు పెట్టానన్నారు.

ఎవరు పెట్టమన్నారు అని అడిగింది.

“ఎవరూ సెప్పలేదమ్మా. నేనే.”

నేను ఆ గదిలోనే ఉన్నాను. పక్క కుర్చీలో. లాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాను.

ఆ లిస్టుల మీద సంతకం పెట్టే అధికారం ఆయనకు తీసేశారు. ఎవరికిచ్చారో తెలుసా? నాకు.

వయసు మీద పడి అజాగ్రత్త వచ్చిందని క్యాంటీన్‌లో అనుకుంటుంటే నేను కూడా తలూపాను.

మూడు నెలలకు ఆయన ఉద్యోగం మానేశారు. వెళ్ళే రోజు నాలుగు పెన్నులూ రబ్బరు బ్యాండ్ వేసి నా టేబుల్ మీద పెట్టారు. “నీవే పాపా. ఇంకు ఇంకా ఉంది, మీ పిల్లకి పనికొస్తాయి” అన్నారు. దెప్పి మాట్లాడటం ఆయనకు చేతకాదు. నిజంగా మా పిల్ల కోసమే అన్నారు.

నిన్న మధ్యాహ్నం దిగపహండి వెళ్ళాను. బాబాయ్ వాళ్ళావిడ, పిన్ని, నా చెయ్యి పట్టుకుని అడిగింది. “దొంగ సంతకాలు పెట్టారని మీ ఆఫీసులో అన్నారంట. నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఏటయింది పాపా?”

అప్పుడు కూడా నిజం చెప్పలేదు. బస్సెక్కి వచ్చేశాను.

ఈ రోజు పొద్దున్న ఫోన్ చేసి అంతా చెప్పేశాను. పిన్ని ఒకే మాట అంది.

“నాతో కూడా సెప్పలేదు పాపా.”

రెండేళ్ళు. సొంత భార్యకి కూడా చెప్పలేదు.

ఇది చదివే మా ఆఫీసు వాళ్ళకి: తప్పు నాది. లిస్టులు పంపనిది నేను, తేదీలు వేసింది నేను, పెన్నులు కొన్నది నేను. ఇదే సంగతి కాగితం మీద రాసి బాస్‌కి ఇచ్చాను. ఏం చేస్తారో వాళ్ళిష్టం.

ఆ పెన్నుల్లో ఒకటి ఇంకా రాస్తోంది. దానితోనే సంతకం పెట్టాను. కింద ఈ రోజు తేదీ వేశాను.

వెళ్ళి రండి బాబాయ్. మీ మీద పడ్డ మాట తీసేస్తున్నాను, ఇకనైనా మీ ఆత్మ నెమ్మదిగా ఉండాలి.