సోగ్గాడి ఆకుపచ్చ కోటు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ను కాలనీలో అందరూ సోగ్గాడనే పిలిచేవారు. పనిలో ఉన్నంతసేపూ గ్రీజు మరకల ఖాకీ చొక్కా, గోళ్ల సందుల్లో నలుపు. పని దిగి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, ఇస్త్రీ మడత నలగకుండా చొక్కా తొడుక్కుని వీధిలోకి వచ్చాడంటే పెళ్లికొడుకే. తోటి మెకానిక్కులు ఆటపట్టిస్తే, "రోజంతా లిఫ్టు గోతిలో ఉండేవాణ్ణి, పైకొచ్చాకైనా మనిషిలా కనపడనివ్వండ్రా" అనేవాడు. ఆయన అద్దం ముందు నిలబడితే తనకు దువ్వెన కూడా దొరకదని భార్య నవ్వేది.

నగరానికి వెళ్లి రెండు రోజులు బట్టల వీధులన్నీ తిరగాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక. భార్య పసిపిల్లల బడిలో ఆయా. ఆమెకు సెలవు దొరక్క తన తమ్ముణ్ణి తోడిచ్చి పంపింది. ఆ బావమరిది బీమా ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లేనాడు వాడికి చొక్కా ఎంచిందీ, మెడకు టై కట్టిందీ బావే.

వెళ్లిన రోజు వంతెన కింద పాతబట్టల బజారులో సోగ్గాడు పండగ చేసుకున్నాడు. భుజాల దాకా గుట్టల్లో చేతులు పెట్టి వెతికాడు. అలా దొరికింది చేతుల్లేని మఖమల్ కోటు. ముదురు ఆకుపచ్చ, కొమ్ము బొత్తాలు, లోపల ఎవరో ఇష్టంగా కుట్టించుకున్న చిన్న పూల లైనింగు. తోలుపట్టీలు అల్లిన బూట్లు కూడా దొరికాయి. భార్యకు ఇటుక రంగు స్కార్ఫు, బావమరిదికి చలవ కళ్లద్దాలు తనే ఏరి కొన్నాడు. "నీ కన్నే కన్ను బావా" అన్నాడు వాడు, కళ్లద్దాలు తీయకుండానే.

మర్నాడు ఆ కోటూ బూట్లూ వేసుకుని ఒక పెద్ద దుకాణంలోకి వెళ్లారు. బయటి అద్దాల్లోంచి కనపడ్డ పొడుగు కోటు ఒకటి దగ్గరగా చూడాలని ఆయన ఆశ. బట్ట మీద చెయ్యి వేశాడో లేదో, కాపలావాడు భుజం పట్టుకున్నాడు. వెనకే మేనేజరు వచ్చాడు.

"ఒంటి మీది ఆ కోటు ఎక్కడిది?" గొంతు అంతస్తంతా వినిపించింది.

"నిన్న కొనుక్కున్నాను."

"ట్యాగ్ ఏది?"

"పాతబట్టల బజారులో ట్యాగులెక్కడుంటాయండీ?"

"పై అంతస్తులో మావి ఇలాంటివే ఉన్నాయి. విప్పు."

జనం మూగారు. ఒకావిడ తన సంచిని గుండెలకు హత్తుకుంది. ఆయన బావమరిది వైపు తిరిగి, "నిన్న పక్కనే ఉన్నావుగా, నువ్వు చెప్పరా" అన్నాడు.

టైలు వేలాడుతున్న చోట నిలబడ్డ బావమరిది కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నేను ఈయనతో రాలేదండీ" అని పక్కకు జరిగాడు.

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోటు విప్పి బల్ల మీద పడేశాడు. అమ్మకాల పిల్ల పైనుంచి వాళ్ల కోటు తెచ్చి పక్కన పెట్టింది. దానిది వేరే ఆకుపచ్చ, లోపల నల్ల లైనింగు. బొత్తాలు ప్లాస్టిక్‌వి.

"పొరపాటైంది. వేషం చూసి..." అని మేనేజరు గొణిగాడు.

"దొంగన్నప్పుడు పదిమందికీ వినపడేలా అరిచావుగా! తప్పైందని చెప్పడానికి గొంతు పోయిందా? అదే గొంతుతో చెప్పు!"

మేనేజరు మొహం కందగడ్డ చేసుకుని గట్టిగానే చెప్పాడు. ఆయన కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని బయటికి నడిచాడు.

బస్టాపులో బావమరిది ఎదురొచ్చాడు. "పోలీసులదాకా పోతుందేమోనని బావా... మా ఆఫీసులో తెలిస్తే..."

ఆయన వచ్చిన బస్సెక్కేశాడు. రైల్లో వాడు నారింజ ఒలిచి చేతికిస్తే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాకా ఆ మాట భార్యతో అనలేదు. ఆమె తమ్ముడాయె. చెబితే ఆమె మనసు విరుగుతుందని కోపాన్ని పళ్ల బిగువున దాచాడు.

తరవాతి సెలవునాడు అత్తగారు, బావమరిది భోజనానికి వచ్చారు. అన్నం తింటూ బావమరిది ఆ కథ ఎత్తుకున్నాడు. కాపలావాడి నడకా మేనేజరు గొంతూ అనుకరిస్తూ, "మా బావ సోకు జైలు గుమ్మం దాకా పోయొచ్చింది" అన్నాడు. అత్తగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. భార్యా నవ్వింది.

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఆపేశావేం? నువ్వేమన్నావో అదీ చెప్పు."

"నేనేమన్నాను బావా..."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వాడు తల దించుకున్నాడు. ఆయనే చెప్పాడు, మాట పొల్లుపోకుండా.

అత్తగారు సర్దబోయింది. "చిన్నవాడు బాబూ, నోరు జారాడు."

"జారడం కాదత్తయ్యా. జారినవాడు కింద పడతాడు. వీడు తీరిగ్గా పక్కకు జరిగి నిలబడ్డాడు! ఇవాళ నా ఇంట్లో, నా అన్నం తింటూ దాన్ని నవ్వులాట చేస్తున్నాడు!"

భార్య తమ్ముడి వైపు చూసింది. "నిజమేనా?" వాడు కంచంలో అన్నం కెలికాడు. "తినేసి వెళ్లు. నాతో మాట్లాడకు" అంది. నవ్వినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

వారం తిరక్కుండా బావమరిది పనిచోటికి వచ్చాడు. ఒక పాత భవనం పైన, లిఫ్టు యంత్రం గదిలో సోగ్గాడు గ్రీజు చేతులతో వంగి ఉన్నాడు.

"తప్పు నాదే బావా. భయపడ్డాను. క్షమించు."

"నా కోపం తగ్గలేదురా. తగ్గినట్టు నటించడం నాకు చేతకాదు. తగ్గిననాడు నేనే కబురు పెడతాను."

వాడు ఇంకేమో అనబోతే, "ఆ టార్చి ఇటు పట్టు" అన్నాడు. పని అయ్యేదాకా వాడు వెలుగు పట్టాడు. లిఫ్టు మళ్లీ నడిచింది. ఇద్దరూ కింది అంతస్తుకు దిగాక బావమరిది అందులోకి ఎక్కి, బావ కోసం తలుపు మూయకుండా పట్టుకుని చూశాడు.

సోగ్గాడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్ల దారి పట్టాడు.