రొయ్యల చెరువులో గొంతు సవరింపు

ఏలూరులో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, దాని బరువెంత, వేగమెంత అని అడిగి నోరు మూయించేవాణ్ణి. అందుకే మా వీధిలో నన్ను పెళ్ళిళ్ళకి పిలుస్తారు గానీ కబుర్లకి పిలవరు. ఇప్పుడిది చదివి వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా బావమరిది సత్తిబాబుకి కైకలూరు దగ్గర రొయ్యల చెరువు ఉంది. మా మామగారు పోయాక దాన్ని వాడే చూసుకుంటున్నాడు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ జబ్బుకి పోయాయి. రెండోసారి చచ్చిన రొయ్యలు గట్టు పొడవునా తేలినప్పుడు వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో పంట వేస్తూ, ఇది కూడా పోతే చెరువు ఎవరికైనా లీజుకిచ్చేసి, ఆకివీడులో మేత దుకాణంలో గుమాస్తాగా చేరతానన్నాడు. తండ్రి తవ్వించిన చెరువుకి ఇంకెవరో మేత కొనుక్కుపోతుంటే వాడు బస్తాలు తూచి ఇవ్వాలన్నమాట. ఆ మాట విన్నాక ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. నాకు చేతనైంది కొలవడం ఒక్కటే.

రొయ్యలకి మేత ఎంత వెయ్యాలన్నదే ఆ పనిలో అసలు చిక్కు. తక్కువైతే ఎదగవు. ఎక్కువైతే మిగిలినది అడుగున కుళ్ళి జబ్బులు తెస్తుంది. అక్కడి రైతులు చెక్ ట్రే అని ఒక వల పళ్ళెంలో కాస్త మేత వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలయ్యాక పైకి లాగి, తిన్నాయా మిగిల్చాయా చూసుకుని తర్వాతి మేత నిర్ణయిస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చలేదు. తినేటప్పుడు రొయ్యలు చప్పుడు చేస్తాయని ఎక్కడో చదివాను. చప్పుడంటూ ఉంటే దాన్ని కొలవచ్చు.

పాటలు పాడే గ్రీటింగు కార్డులో ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది; చప్పుడు తగిలితే అదే మైకులా కూడా పనిచేస్తుంది. దాన్ని ఊడదీసి, వైరు సోల్డరింగు చేసి, నీళ్ళు చొరకుండా సిలికాన్ పూసి, రెండో చివర ఇయర్‌ఫోను పిన్ను బిగించాను. కొత్త ఫోన్లకి ఆ పిన్ను పెట్టే కన్నమే లేదు కాబట్టి మా ఆవిడ పాత ఫోను బీరువాలోంచి తీశాను. ఫోను మైకు మనిషి మాట కోసం చేసింది. అందుకని వచ్చే ధ్వనిని దానంతట అదే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ వేషాలు మానిపించే యాప్ ఒకటి ఎక్కించాను. నీళ్ళ బకెట్టులో బిళ్ళ ముంచి, ఒకే ఎత్తు నుంచి గోళీలు జారవిడుస్తూ మూడు రోజులు కొలతలు సరిచూసుకున్నాను. ఆ మూడు రోజులూ మా ఆవిడ వరలక్ష్మి పక్కింటి బకెట్టు అడిగి తెచ్చుకుంది.

మొదటి రోజు ఉదయం పది గంటల మేత వేళకి, చప్పుడు లేకుండా, నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆపించి, బిళ్ళని మూడడుగుల లోతుకి దించాను. ఫోను తెర మీద గ్రాఫు ఎగిరెగిరి పడుతోంది. "చూశావా, ఆకలి మీదున్నాయి. మేత పెంచు" అన్నాను. "అలాగేనండి బావగారూ" అన్నాడు సత్తిబాబు. నాలుగు నిమిషాల రికార్డింగు పూర్తయ్యాక పిన్ను పీకి, మొదటి అర నిమిషం వాడికి వినిపించాను. నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. "తింటున్నాయండి, అన్నీ తింటున్నాయి" అంటూ వాడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం కాలర్ ఎగరేసుకుంటూ బస్సెక్కాను.

మిగతా రికార్డింగు ఇంటికొచ్చి విన్నాను. రెండో నిమిషం దాటగానే చిటపటల మధ్యలో ఎవరో గొంతు సవరించుకున్నారు. మూడుసార్లు. కాఫీ తెస్తున్న వరలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇందులో నాన్నగారేంటండీ?" అంది.

మామగారు పోయి అప్పటికి ఏడాదిన్నర. నేను నవ్వేసి, అది జెల్ల చేప అయ్యుంటుందన్నాను. జెల్లలు గుర్రుమనే మాట నిజమే. "జెల్ల మూడుసార్లు సవరించుకుని, కాసేపాగి, ముక్కు కూడా ఎగబీలుస్తుందా?" అని అడిగింది. మళ్ళీ పెట్టి విన్నాను. ముక్కు ఎగబీల్చిన మాట కూడా నిజమే.

"సరిగ్గా అప్పుడు మీరేమన్నారు?"

నేను ప్రయోగం చేస్తే ప్రతిదీ నిమిషంతో సహా డైరీలో రాస్తాను. తీసి చూశాను. మేత పెంచమన్న నిమిషం అది. "అదీ సంగతి" అంది వరలక్ష్మి.

ఇక్కడ మామగారి గురించి కాస్త చెప్పాలి. చాలా నెమ్మదైన మనిషి. ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్ను "అల్లుడుగారూ, మీరు" అనే తప్ప ఇంకోలా పిలవలేదు. ఒక్కదానికీ కాదనలేదు. కాకపోతే నేను మాట్లాడుతున్నంతసేపూ గొంతు సవరించుకుంటూ ఉండేవారు. పాపం కఫం కాబోలు అనుకుని, వెళ్ళినప్పుడల్లా దగ్గు మందు పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన మారుమాట లేకుండా నా ఎదురుగానే మూతతో కొలుచుకుని తాగేసేవారు.

"ఆయనకి దగ్గెప్పుడుందండీ?" అంది వరలక్ష్మి. "మీరన్నది నచ్చకపోతే గొంతు సవరించుకునేవారు. అల్లుణ్ణి కాదనకూడదు కదా. ఇంట్లో అందరికీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నొచ్చుకుంటారని."

ఆ సాయంత్రమంతా కుర్చీలో కూర్చుని లెక్క వేసుకున్నాను. మేం స్థలం కొన్నప్పుడు ఆయన గొంతు సవరించుకున్నారు. వానాకాలం అక్కడ మోకాలి లోతు నీళ్ళు. సెకండ్ హ్యాండ్ కారు చూపించినప్పుడు సవరించుకున్నారు. మా అబ్బాయిని బలవంతంగా ఎంపీసీలో చేర్పించిన రోజున ఏకంగా లేచి పెరట్లోకి వెళ్ళి సవరించుకున్నారు. ఇంత సమాచారం నా ఎదురుగా ఉంటే నేను దానికి మందు పోశాను.

మర్నాడు వరలక్ష్మి ద్వారా ఇంకో సంగతి తెలిసింది. చెక్ ట్రేలో సగం మేత మిగిలిపోయింది. ఆ మాట సత్తిబాబు నాకు చెప్పలేదు. వాళ్ళక్కకి ఫోను చేసి, బావగారితో అనొద్దన్నాడు. చిటపట ఎక్కువ వినిపించింది ఆకలి వల్ల కాదు, రొయ్యలన్నీ బిళ్ళ చుట్టూ చేరడం వల్ల. అది నా పొరపాటే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత బిళ్ళని నాలుగు చోట్ల దించి సగటు తీయడం మొదలుపెట్టాను.

గొంతు సంగతి కూడా తేల్చుకోవాలనుకున్నాను. పిన్ను పెట్టినప్పుడు ఫోను సొంత మైకు పనిచెయ్యకూడదు. ఫోను మీద వేలితో కొట్టి చూశాను, రికార్డు కాలేదు. అంటే గట్టు మీది చప్పుడు లోపలికి రావడం లేదు. నా మాట కూడా ఏ రికార్డింగులోనూ లేదు. సత్తిబాబు పనేమోనని వాణ్ణి కైకలూరు పంపించి చూశాను, అయినా గొంతు వచ్చింది. ఫోను మార్చాను, వచ్చింది. కొల్లేటి గూడబాతులు ఏవైనా గొణుగుతున్నాయేమోనని చూశాను, కనుచూపు మేరలో ఒక్కటీ లేదు. జెల్ల కోసం వల లాగించాను, దొరకలేదు. పక్క చెరువులో దించితే మాత్రం ఉత్త చిటపటే. గ్రాఫులో రొయ్యల చప్పుడు పై కొసన ఎక్కడో ఉంటుంది. ఈ సవరింపు అడుగున, పెద్దవయసు మగవాళ్ళ గొంతు ఉండే చోట ఉంది.

చివరికి సిగ్గు విడిచి ఒక పరీక్ష పెట్టాను. గట్టు మీద నిలబడి ఒక్కో మాటా పైకి అని, టైము రాసుకుని, తర్వాత రికార్డింగు విన్నాను. "సత్తిబాబు బుద్ధిమంతుడు" అన్నాను. ఏమీ లేదు. "ఈ చెరువు పూడ్చి ఆయిల్‌పామ్ వేద్దాం" అన్నాను. దానికి దీర్ఘంగా, అయిదుసార్లు. "నేను ఫిజిక్సులో గోల్డ్ మెడలిస్టుని" అన్నాను. ఒక్కసారి, పొట్టిగా. ఆ మెడల్ సంగతి అబద్ధమని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పక్క చెరువు కాపలా ఆయన ఇదంతా చూసి, "ఎండగా ఉందండీ మేష్టారూ, నీడకి రండి" అని మర్యాదగా పిలిచాడు.

రోజులు గడిచాయి. రొయ్యలు బాగా ఎదిగాయి. ఇక పట్టుబడి ఎప్పుడన్నదే ప్రశ్న. కేజీకి అరవై తూగుతున్నాయి. ఇంకో పన్నెండు రోజులు ఉంచితే కేజీకి యాభై తూగేంత పెద్దవవుతాయి, ధర పెరుగుతుంది. నా గ్రాఫు నిలకడగా ఉంది, తిండి బాగా తింటున్నాయి, నీటి పరీక్షలో కూడా లోపమేమీ లేదు. "పన్నెండు రోజులు ఆగుదాం" అని తీర్పు చెప్పాను. "అలాగేనండి బావగారూ" అన్నాడు సత్తిబాబు.

రికార్డింగు గట్టు మీదే విన్నాను. నేను ఆ మాట అన్న క్షణం నుంచి మొదలుపెట్టి చివరిదాకా ఆగకుండా గొంతు సవరింపే. చిటపట కూడా సరిగా వినపడలేదు. పట్టపగలు, ఆ ఎండలో నాకు భయమేసింది. భయం కన్నా ఉక్రోషం ఎక్కువ వచ్చిందనీ చెప్పాలి. ఇన్ని కొలతలు ఒక పక్కా, ఒక దగ్గు ఒక పక్కా. దగ్గు మాట విని ముందే పట్టేస్తే ఇన్నాళ్ళ నా శ్రమకి అర్థం లేదు. కొలత మాట విని చెరువు పోతే ఈ కుర్రవాడు రేపు మేత బస్తాలు తూస్తాడు.

రికార్డింగు సంగతి వాడికి చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "సత్తిబాబూ, అసలు నీకేమనిపిస్తోంది?" అని అడిగాను.

వాడు నేలకేసి చూశాడు. చెప్పుతో మట్టి గీకాడు. తర్వాత నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

ఆ ఇంట్లో పుట్టినవాడు మరి. నేను మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగితే గానీ నోరు విప్పలేదు. "మీ ఇష్టమేనండి. కాకపోతే, రెండ్రోజుల నుంచి పక్క చెరువులో కొంగలు ఎక్కువ వాలుతున్నాయండి. అక్కడ రొయ్యలు నీరసంగా పైకి తేలుతున్నట్టున్నాయి. పట్టేస్తే బాగుంటుందేమోనండి" అన్నాడు. రెండ్రోజులుగా ఇంత సంగతి కడుపులో పెట్టుకుని నాకు అలాగేనండి అంటున్నాడు. కొడదామన్నంత కోపం వచ్చింది. వాడి మీదో నా మీదో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పట్టేశాం. ఐసు లారీ వెళ్ళాక వాడు ఖాళీ అవుతున్న చెరువుకేసి చూస్తూ, అరవై కౌంటుకే అమ్ముకున్నందుకు నాకే క్షమాపణ చెప్పాడు. ఆరో రోజున అటు పక్క చెరువూ ఇటు పక్క చెరువూ తెల్లమచ్చతో పోయాయి. ఆ సాయంత్రం సత్తిబాబు మా ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

చెరువు ఎండగట్టినప్పుడు నేనే దిగి అంగుళం అంగుళం వెతికాను. ఒక రబ్బరు చెప్పు, ఒక స్టీలు గ్లాసు దొరికాయి. జెల్ల లేదు. ఆ రికార్డింగులు మా కాలేజీలో పనిచేసే కుర్ర లెక్చరరుకి ఏమీ చెప్పకుండా వినిపించాను. "ఎవరో పెద్దాయనండి సార్, ఏదో చెప్పడానికి మొహమాటపడుతున్నట్టున్నారు" అన్నాడు. ఫైళ్ళన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఎవరైనా వచ్చి పరీక్షించుకోవచ్చు. నేను మాత్రం కారణం చెప్పలేను.

సత్తిబాబు మళ్ళీ రొయ్యపిల్లల సీడు వేశాడు. నెల దాటాక నన్ను రమ్మంటే ఫోను తీసుకుని వెళ్ళాను. బిళ్ళ దించి, రికార్డింగు పెట్టి, గ్రాఫు చూడకుండా ఫోను బోర్లించాను. పక్కన సత్తిబాబు ఉన్నాడు, అవతలి గట్టున కాపలా ఆయన ఉన్నాడు. అయినా సరే అనుకుని, నీళ్ళకేసి వంగి, "మేత పెంచమంటారా మామగారూ, ఇలాగే ఉంచమంటారా?" అన్నాను.

తర్వాత విన్నాం. నాలుగు నిమిషాలూ రొయ్యలు తినే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు దించినా ఆ గొంతు రాలేదు. ఎందుకు వచ్చిందో తెలియనట్టే, ఎందుకు మానేసిందో కూడా నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. నేనాయన్ని ఒక మాట సలహా అడగడం అదే మొదటిసారి.