ఇరవై ఆరు దగ్గర ఆగిన లాక్టోమీటర్

ఆలూరు దగ్గర మా ఊరి బడిలో శనివారాలు పిల్లలకు సైన్స్ ప్రయోగాలు చేయిస్తుంటాను. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆ వారం పాఠం సాంద్రత. ఉప్పునీళ్లలో గుడ్డు తేలడం, మంచినీళ్లలో మునగడం అయిపోయాక, పాలకేంద్రంలో అడిగి తెచ్చిన లాక్టోమీటర్ బయటికి తీశాను. గాజు గొట్టం, అడుగున బరువు, పైన సన్నటి కాడ మీద అంకెలు. నీళ్లు కలిపిన పాలలో ఎక్కువ మునుగుతుంది, అంకె తగ్గుతుంది.

పిల్లలు ఐదుగురు ఇంటి నుంచి పాలు తెచ్చారు. అన్నీ గేదెపాలే. నాలుగింటికి ముప్పై, ముప్పై ఒకటి వచ్చింది. ఐదోదానికి ఇరవై ఆరు.

అవి తెచ్చిన ఏడో తరగతి పిల్ల బిక్కమొహం వేసింది. వెనక నుంచి, పాలు తెచ్చినవాళ్లలోనే ఒకడు అందుకున్నాడు.

"మీ ఎనుముకు బోరు కనెక్షన్ ఉండాదేమే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. వాళ్లమ్మ ఊళ్లో ఎనిమిది ఇళ్లకు పాలు పోస్తుంది. ఈ మాట పాకితే ఆ ఇళ్లన్నీ మానేస్తాయని అప్పుడు తట్టింది నాకు.

కాసేపటికే కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె వచ్చింది.

"ఏమప్పా, నా పాలల్లో నీళ్లుండాయంటివంట?"

"నేనన్లేదక్కా, అంకె..."

"అంకె నవ్విందా? నువ్వు కదా నవ్వింది. పొద్దున దూడ తాడు తెంపుకొని పోయింటే, అది దొరికినాక పిండితి. నురగ కూడా అణగకముందే దీని చేతికిచ్చి పంపిస్తి."

ఆ పిల్ల తెచ్చిన పాలు ముట్టుకుని చూశాను. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. తక్కిన నాలుగూ తెల్లవారుజామున పిండినవి, చల్లారిపోయాయి. వేడికి పాలు వ్యాకోచిస్తాయి, సాంద్రత తగ్గుతుంది. పరీక్షలకు ఎన్నిసార్లు రాశానో!

ఆ పాలను కుండనీళ్లు పోసిన గిన్నెలో పెట్టాను. కుర్చీ వేసినా ఆమె కూర్చోలేదు. అరగంటకు లాక్టోమీటర్ ముప్పై దగ్గర నిలిచింది.

"నాకెందుకు సూపిస్తావు? నవ్వినోల్లకు సూపియ్యి."

పిల్లలందర్నీ దగ్గరికి పిలిచాను. పాలు మంచివేనని, పొరపాటు నాదేనని చెప్పి, ఎందుకో వివరించాను. వెక్కిరించినవాడు మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ పిల్ల వాడి పాలగ్లాసు ఎత్తింది. "బడిలో అన్నం వండే పొయ్యిమీద పెట్టి, నీ పాల అంకె ఎంత దిగుతాదో సూద్దాం రా."

"వద్దులే. నమ్మినా."

"నమ్మితే సాలదు నాయనా," అంది వాళ్లమ్మ. "పోయి మీ వీధిలో చెప్పు."